తుఫాను పోయిన ఆరో నెలకు చేతిలో డబ్బుండాలి: విశాఖ తీరపు పేటలకు రెండేళ్లపాటు తోడుండటం ఎలా

తుఫాను వెలిసిన మొదటి పది రోజులు విశాఖలో సాయానికి కొదవ ఉండదు. పులిహోర పొట్లాలు, బియ్యం బస్తాలు, దుప్పట్లు, నీళ్ల ప్యాకెట్లు లారీల మీద దిగుతూనే ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. కానీ ఏ తుఫానుకైనా కార్తీకం దాటేసరికి ఆ లారీలు ఆగిపోతాయి.

అసలు కష్టం ఆ తర్వాత, క్యాలెండర్ చూసుకుని మరీ వస్తుంది. మన దగ్గర పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలోనే. అక్కడి నుంచి లెక్క వేయండి. జనవరిలో సంక్రాంతి. పాత అప్పు తీర్చనిదే కొత్త అప్పు పుట్టదు, పండక్కి కూతురూ అల్లుడూ రాక మానరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం, అంటే 61 రోజులు మర పడవలు, మోటారు బోట్లు కదలవు. నిషేధం ముగిసేలోపే బళ్లు తెరుస్తారు: ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. తుఫాను దాటి ఎనిమిది నెలలైన ఆ సమయంలో ఇంట్లో మిగిలిన తులం బంగారం కూడా కుదువకు పోతుంది. బడి మానేసిన పిల్లాడు మళ్లీ బడికి వెళ్లకుండా పోయేది అప్పుడే.

యువజన సంఘమో, కాలనీ సంఘమో, పూర్వ విద్యార్థుల బృందమో, గుడి లేదా చర్చి కమిటీనో ఏదో ఒక పేటకు తోడుండాలనుకుంటే, పని మొత్తాన్ని ఈ క్యాలెండర్ చుట్టూనే అల్లుకోవాలి. కింది లెక్కలు సుమారు 150 గడపల పేటను మనసులో పెట్టుకుని వేసినవి.

1. ఒక్క పేట, రెండేళ్లు

మంగమారిపేట, చేపలుప్పాడ, పెదజాలారిపేట అంటూ పది చోట్ల పంచితే ఫొటోలు బాగానే వస్తాయి. ఆరు నెలల తర్వాత ఆ పది చోట్లా మీ ముఖం గుర్తుపట్టేవాళ్లు ఉండరు. ఒక్కటే ఎంచుకోండి. ఎంచుకునే ముందు వార్డు లేదా గ్రామ సచివాలయంలో అడిగి, ఇంకెవరు ఎక్కడ పనిచేస్తున్నారో రాసుకోండి. రోడ్డు పక్కన ఉన్న పేటకు పదిమంది వెళ్తారు, రెండు కిలోమీటర్లు లోపలున్నదానికి ఎవరూ వెళ్లరు.

తీరపు పేటల్లో ముందు కులపెద్దలతో మాట్లాడాలి. వాళ్లను దాటి వెళ్తే పని సాగదు. అయితే జాబితా మాత్రం వాళ్ల నోటి మీదుగా రాసుకోవద్దు. పెద్దల జాబితాలో బోటు యజమానులుంటారు. కలాసీలు (వేరేవాళ్ల బోట్ల మీద వేటకు వెళ్లే కూలీలు), అద్దె ఇళ్లవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు ఉండరు. అది దురుద్దేశంతో జరిగేది కాదు, పెద్దలకు ఊరంటే గుర్తొచ్చేది సొంతదారులే.

ఏడుగురు లేదా తొమ్మిదిమందితో కమిటీ వేయండి. అందులో కనీసం నలుగురు ఆడవాళ్లు, ఒక కలాసీ, ఒక అద్దెదారు ఉండాలి. సమావేశం పొద్దున్న పెట్టకండి. చేపలమ్మే ఆడవాళ్లు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లిపోతారు. సాయంత్రం నాలుగు తర్వాత పెడితేనే వాళ్లు వస్తారు, మాట్లాడతారు.

2. డబ్బును ముందే నాలుగు ముక్కలు చేయండి

వచ్చిన చందా పది లక్షలనుకుందాం. మొదటి ఆరు వారాలకు రెండు లక్షలు. మార్చి ఆఖరులోగా కప్పులకు, ఇంజిన్లకు, వలలకు మూడున్నర లక్షలు. ఏప్రిల్ నుంచి జులై దాకా, అంటే నిషేధ కాలానికీ బడి ఖర్చులకూ, మూడు లక్షలు. మిగిలిన లక్షన్నర వచ్చే అక్టోబర్ దాకా ముట్టుకోకూడదు. మొదటి నెలలోనే అంతా ఖర్చుపెట్టాలని దాతలు ఒత్తిడి చేస్తారు, "మా డబ్బు బ్యాంకులో మురుగుతోంది" అంటారు కూడా. అందుకే చందా అడిగేటప్పుడే ఈ నాలుగు ముక్కల లెక్క చెప్పి అడగండి. తర్వాత చెబితే సంజాయిషీలా ఉంటుంది.

ఖాతా సంఘం పేరు మీదే తెరవాలి, ముగ్గురిలో ఇద్దరి సంతకం తప్పనిసరి చేయాలి. నెలకోసారి జమాఖర్చులు చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి రామాలయం గోడకో చర్చి గోడకో అంటించండి. వాట్సాప్‌లో పెట్టిన లెక్కను ఎవరూ చదవరు, గోడ మీది లెక్కను మాత్రం పేటంతా చదువుతుంది. తప్పుంటే మర్నాడే చెబుతుంది.

పాత బట్టలు తీసుకోకండి. మూటలు విప్పి, ఏరి, పంచడానికి పట్టే మనుషులూ సమయమూ వాటి విలువకంటే ఎక్కువ. మిగిలినవి వానకు తడిసి, చివరకు వాటిని పారేసే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది.

3. గడపకో పేజీ

యాప్‌లు వద్దు. పొడవాటి రిజిస్టరు కొని, ఇంటికి ఒక పేజీ కేటాయించండి. తుఫాను వెళ్లిన రెండో వారం నుంచి ఆరో వారంలోపు ఈ పని పూర్తవ్వాలి. పేజీలో ఉండాల్సినవి: ఇంటి పెద్ద పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా, రేషన్ కార్డు, ఇల్లు సొంతమా అద్దెనా, పట్టా ఉందా లేదా, ఎంతమంది, బడి పిల్లలు ఏ తరగతి, వికలాంగులు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు. ఆ తర్వాత ఏం పోయింది: కప్పు, గోడ, పడవ, ఇంజిను, వల, ఐసు పెట్టె, మేకలు. చివరగా అప్పు: ఎవరి దగ్గర, ఎంత, నూటికి ఎంత వడ్డీ. ఈ చివరి ప్రశ్న మొదటి రోజే అడిగితే ఎవరూ చెప్పరు. మూడోసారి వెళ్లినప్పుడు అడగకుండానే చెబుతారు.

తాళం వేసిన ఇళ్లను వదిలేయకండి. ఉత్తరాంధ్ర నుంచి వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లున్నారు. ప్రభుత్వ సర్వేకు వచ్చినవాళ్లు తాళం చూసి వెళ్లిపోతే ఆ ఇంటి పేరు జాబితాకు ఎక్కదు. పక్కింటివాళ్ల దగ్గర ఫోన్ నంబరు తీసుకుని ఆ రోజే మాట్లాడాలి.

ఫొటోలు శుభ్రం చేయకముందే తీయాలి. ఇంటికి నాలుగు: ముందు వైపు నుంచి డోరు నంబరు కనపడేలా ఒకటి, కప్పు లోపలి నుంచి ఒకటి, బాగా దెబ్బతిన్న గోడ ఒకటి, ఇంటివాళ్లు నిలబడి ఉన్నది ఒకటి. పడవకైతే రిజిస్ట్రేషన్ నంబరు, పగిలిన చోటు ఒకే ఫొటోలో పడాలి. నంబరు లేకుండా పగిలిన చెక్క మాత్రమే ఉన్న ఫొటో ఎవరి పడవకైనా సరిపోతుంది, అందుకే దానికి విలువ ఉండదు.

ఇదే రిజిస్టరుతో జనవరి మొదటి వారం, మార్చి ఆఖరు, జులై, సెప్టెంబర్‌లలో మళ్లీ ఇల్లిల్లూ తిరగాలి. ప్రతిసారీ నాలుగే ప్రశ్నలు. బంగారం కొత్తగా కుదువ పెట్టారా? పిల్లలెవరైనా బడి మానేశారా? పొయ్యి ఎన్ని పూటలు వెలుగుతోంది? ఇంట్లో ఎవరైనా సరిగా నిద్రపోవడం లేదా? రెండింటికి సమాధానం చెడ్డగా ఉన్న ఇంటి పేజీకి ఎర్ర గుర్తు పెట్టండి. తర్వాతి డబ్బు ముందుగా ఆ ఇళ్లకే.

4. ప్రభుత్వ సొమ్ము ఎక్కడ ఆగుతుంది

మీ చందా ఎంత పెద్దదైనా ప్రభుత్వ పరిహారం ముందు చిన్నదే. కాబట్టి రావాల్సిన సొమ్ము రాబట్టడమే మీరు చేయగల అతి పెద్ద సాయం. 2022–26 ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన నిధి) ప్రమాణాల్లో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. గుడిసెకు 8,000. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పూర్తిగా పోయిన పడవకు 15,000, మరమ్మతుకు 6,000. పోయిన వలకు 4,000, చిరిగిన వలకు 3,000. తుఫాను తుఫానుకూ రాష్ట్రం జీవో ఇచ్చి ఈ మొత్తాలు పెంచవచ్చు. ఆ జీవో కాపీ సంపాదించి అదే గోడ మీద అంటించండి.

ఆ అంకెల్లో పక్కా ఇంటికి 1,20,000కూ 6,500కూ మధ్య ఏమీ లేదని గమనించండి. గోడలు నెర్రెలిచ్చి ఇక నివాసానికి పనికిరాని ఇంటిని "పాక్షికం" అని రాస్తే ఆ కుటుంబం లక్షకు పైగా నష్టపోతుంది. సర్వేకు వచ్చినప్పుడు పక్కన ఒక మేస్త్రీనో ఇంజినీరింగ్ విద్యార్థినో ఉంచండి. పునాది కుంగిందా, గోడ నిలువు తప్పిందా, పగులు ఒక మూల నుంచి మరో మూలకు ఐమూలగా పోయిందా అన్నది చూపించి రాయించాలి. సచివాలయంలో జాబితా అంటించాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. జాబితా అంటించిన రోజే ఫొటో తీసి, మీ రిజిస్టరుతో పేరు పేరునా సరిచూడండి. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలి. ఒక్కొక్కరూ విడిగా కాకుండా ఒకే రకం సమస్య ఉన్న పదిమంది పేర్లు పట్టికగా రాసి తీసుకెళ్తే పని త్వరగా కదులుతుంది.

జాబితాలో పేరున్నా డబ్బు పడకపోవడానికి సాధారణంగా మూడు కారణాలు. ఆధార్‌కు ఎన్‌పీసీఐలో (ప్రభుత్వ సొమ్మును ఆధార్ ద్వారా ఖాతాలకు చేర్చే సంస్థ) ముడిపడిన ఖాతా వేరే ఉంటుంది. ఎప్పుడో ఏదో పథకం కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో డబ్బు పడి కూర్చుంటుంది. లేదా ఖాతా రెండేళ్లుగా వాడక స్తంభించి ఉంటుంది. లేదా ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పాసుబుక్కులో మరోలా ఉంటుంది. మూడూ బ్యాంకులో సరిచేసుకోగలిగినవే. నెల రోజుల్లోపు ఒక శనివారం పేటలోనే బ్యాంకు మిత్రను (బ్యాంకు తరఫున ఊళ్లో పనులు చేసిపెట్టే మనిషిని) కూర్చోబెట్టి అందరి ఖాతాలూ సరిచూపించండి. రెండో, నాలుగో శనివారం కాకుండా చూసుకోండి, ఆ రోజుల్లో బ్యాంకుకు సెలవు.

అద్దెకుండేవాళ్లకు ఇంటి పరిహారం రాదు, అది యజమానికే పోతుంది. కలాసీలకు పడవ పరిహారం రాదు. ఈ రెండు వర్గాలకూ మీ సొంత నిధిలో పెద్ద వాటా పెట్టాల్సిన కారణం ఇదే.

5. పడవ, ఇంజిను, వల

ఉప్పునీట మునిగిన ఇంజిన్ను పైకి తీసి ఎండలో పెట్టడం అందరూ చేసే పొరపాటు. గాలి తగిలిన గంటల్లోనే లోపలి భాగాలు తుప్పు పట్టడం మొదలవుతుంది. మెకానిక్ దొరికేదాకా ఇంజిన్ను డ్రమ్ములో మంచినీళ్లు పోసి పూర్తిగా ముంచి ఉంచండి. ఆ తర్వాత మెకానిక్ చేయాల్సిన పనులు వరుసగా: మంచినీళ్లతో కడగడం, ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీసి సిలిండర్లలో నీరు వెళ్లగొట్టడం, పాత ఆయిల్ పూర్తిగా తీసేయడం, కొత్త ఆయిల్ పోసి తిప్పి మళ్లీ మార్చడం, డీజిల్ లేదా పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేసి కడగడం. అదే రోజు స్టార్టు చేసి కాసేపు నడపాలి. మొదటి వారంలో ఇద్దరు మెకానిక్‌లను కూలి ఇచ్చి పేటలో కూర్చోబెట్టడానికయ్యే ఖర్చు ఒక కొత్త ఇంజిను ధరలో చిన్న ముక్క. మొదటి రెండు లక్షల్లో మా లెక్కన మొట్టమొదటి ఖర్చు ఇదే కావాలి.

ఫైబర్ బోటు పగులుకు వెంటనే మాట్లు వేయకండి. నవంబర్ వానల్లో తడి ఆరని ఫైబర్ మీద రెజిన్ (ఫైబర్‌ను అతికే జిగురు) పోస్తే ఆ అతుకు రెండు నెలల్లో పొరలుగా ఊడొస్తుంది. బోటును తలకిందులు చేసి నీడ కింద బాగా ఆరనివ్వాలి. పగులు చుట్టూ మూడు నాలుగు అంగుళాల మేర పాత పొరను గీకి పల్చబరచాలి. మ్యాటు (గాజు నార) పొరలు చిన్నదాని మీద పెద్దదిగా వేసుకుంటూ పోవాలి. రెజిన్‌లో హార్డెనర్ (గట్టిపరిచే మందు) 1 నుంచి 2 శాతం దాటకూడదు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే అతుకు పెళుసై అలకు చిట్లుతుంది.

వలలు టోకున కొనేయకండి. ఒకే రకం వల అందరికీ ఇస్తే సగం మంది అమ్ముకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. ఒక్కో ఇంటి వేట ఒక్కో రకం. వల కన్ను కొలత, దారం నంబరు, ఎన్ని బారలు, బెండ్లు, గుండ్లు ఎన్ని అనేది వాళ్ల చేతే రాయించుకుని, కొట్టుకు వాళ్లనే తీసుకెళ్లి బిల్లు మీరు కట్టండి. కొత్త పడవలు పంచే ఆలోచన వస్తే కాస్త ఆగండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పడవలు అవసరానికి మించి పంచారు. నాసిరకం పడవలు ఒడ్డునే పడున్నాయి, మంచివేమో అదే చేప కోసం పోటీపడ్డాయి. ఉన్నవాటిని నీళ్లలోకి దింపడమే ముందు పని.

చేపలమ్మే ఆడవాళ్ల నష్టం ఏ సర్వేలోనూ సరిగా కనబడదు. గంప, సత్తు గిన్నెలు, తక్కెడ, ఐసు పెట్టె పోతాయి. అంతకన్నా ముఖ్యంగా పెట్టుబడి పోతుంది. పొద్దున్న హార్బర్‌లో అప్పు తెచ్చి, సాయంత్రం వడ్డీతో కట్టే పద్ధతిలో చిక్కుకుంటే ఎంత అమ్మినా చేతిలో మిగలదు. డ్వాక్రా సంఘం ద్వారా ఒక్కొక్కరికీ ఐదారు వేలు వడ్డీ లేకుండా ఇచ్చి, వారానికింతని తిరిగి సంఘంలోకే కట్టించుకోండి. తిరిగొచ్చిన సొమ్ము మరొకరికి ఇవ్వండి. ఈ నిధిని దానంగా మాత్రం పంచకండి. దానమైతే ఒక్కసారితో అయిపోతుంది, చేబదులైతే నిషేధ కాలానికి కూడా ఉంటుంది.

నిషేధ కాలానికి ఫిబ్రవరి నుంచే సిద్ధం కావాలి. ప్రభుత్వ వేట నిషేధ భృతి (2025లో ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చారు) కోసం బోటు వారీగా కలాసీల పేర్లు రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయిన బోటు, ఒడ్డున విరిగి పడున్న బోటు తాలూకు కలాసీల పేర్లు రాలిపోయే ప్రమాదం ఉంది. మార్చిలోనే మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి ఆ బోట్ల జాబితా ఇచ్చి, ఏం చేయాలో రాతలో అడగండి. ఆ రెండు నెలలూ వల అల్లడం, బోటు రంగులు, ఇళ్ల కప్పులు, మొక్కల గుంతలు తవ్వడం వంటి మీ దగ్గరున్న కూలి పనులన్నీ ఆ పేటవాళ్లకే ఇవ్వండి. జనవరిలో బయటి కూలీలతో చేయించేస్తే ఏప్రిల్‌లో ఇవ్వడానికి పని మిగలదు.

6. కప్పు

గాలి కప్పును పై నుంచి నొక్కదు, కింద నుంచి లేపుతుంది. అందుకే రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టినంత మాత్రాన పెద్ద తుఫానుకు ఆగదు. రేకు దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి వరుసగా బిగిసి ఉండాలి. ఒక్క ముడి వదులైనా మొత్తం లేచిపోతుంది.

గోడల పైన చుట్టూ ఆర్‌సీసీ బెల్టు వేయించండి. మందం కనీసం 75 మిల్లీమీటర్లు, లోపల రెండు 10 ఎంఎం ఊచలు, 6 ఎంఎం లింకులు 15 సెంటీమీటర్లకొకటి. దూలాలను పట్టే బోల్టులు లేదా ఇనుప పట్టీలు కాంక్రీటు పోసేటప్పుడే బెల్టులో పాతాలి, తర్వాత మేకులు కొట్టడం దండగ. కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే గాలికి తట్టుకుంటుంది. చదునుగా ఉంటే లేస్తుంది, మరీ నిటారుగా ఉంటే గాలిని ఎదుర్కొంటుంది. చూరు గోడ దాటి 45 సెంటీమీటర్లకు మించి బయటికి రాకూడదు. నీడకు పెద్ద వసారా కావాలనిపిస్తుంది, నిజమే. దాని కప్పు విడిగా వేయండి, అది ఎగిరినా ఇల్లు మిగులుతుంది.

రేకుకు బోల్టు మడత పై భాగంలోనే వేయాలి, పల్లంలో వేస్తే కారుతుంది. చూరు, మూలలు, శిఖరం దగ్గర గాలి లాగుడు ఎక్కువ. అక్కడ మడత విడిచి మడతకు బోల్టు పడాలి. బోల్టు, వాషరు, మేకు ఏదైనా హాట్ డిప్ గాల్వనైజ్ చేసినదే (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినదే) కొనండి. సముద్రపు ఉప్పుగాలికి మామూలు మేకు మూడు నాలుగు ఏళ్లలో తలలూడి, రేకు కేవలం బరువు మీద ఆగి ఉంటుంది. పైకి చూస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది.

కాంక్రీటులో తీరపు ఇసుక, ఉప్పునీరు వాడితే ఊచలు లోపలే తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి. పేటలో ఉచితంగా దొరికేది ఆ ఇసుకే కాబట్టి మేస్త్రీ మీద కన్నేసి ఉంచాల్సింది అక్కడే. కనీసం పది రోజులు నీళ్లు తడపాలి. డబ్బు మూడు విడతల్లో ఇవ్వండి: బెల్టు పోయకముందు 40 శాతం, పోశాక బోల్టులు కనబడేలా ఫొటో చూసి మరో 40, రేకులు బిగించాక మిగిలిన 20.

విరిగిన సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని సుత్తితో పగలగొట్టి గుంతలు పూడ్చడం మామూలే, కానీ ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులకు దారితీస్తుంది. నీళ్లతో బాగా తడిపి, పీ-100 మాస్కు (దీనికి ఎన్-95 చాలదు) పెట్టుకుని, పగలగొట్టకుండా పెద్ద ముక్కలుగానే మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) వాళ్లకు అప్పగించండి.

ఇంటిని వేరే చోటికి మార్చుకోమని ఎవరైనా చెబితే ఒక్కటే చూడండి: ఆ చోటి నుంచి తెల్లవారుజామున వల భుజాన వేసుకుని ఒడ్డుకు నడవగలరా? నడవలేకపోతే ఆ ఇళ్లు అద్దెలకు పోతాయి, మనుషులు మళ్లీ ఒడ్డుకే వస్తారు.

7. బావి

ఉప్పునీరు చేరిన బావిని మోటారు పెట్టి అడుగంటా తోడేయకండి. తీరంలో మంచినీళ్లు ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతుంటాయి. ఖాళీ చేస్తే అడుగునుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది. చెత్త, బురద తీసి, రోజుకు కొద్దికొద్దిగా తోడుతూ ఒక వానాకాలం ఆగాలి. ఈలోగా ట్యాంకరు నీళ్లే దారి.

క్రిములకు బ్లీచింగ్ పౌడరు. బావి వ్యాసం, నీటి లోతు మీటర్లలో కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల నీరుంటే సుమారు 14,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 35 గ్రాములు. బురదనీటికి ఇది చాలదు, కాబట్టి వేసిన గంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూసి, లీటరుకు 0.5 మిల్లీగ్రాము కన్నా తక్కువుంటే మళ్లీ వేయాలి. మూతి విప్పి ఉంచిన పౌడరు సంచిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. మూత బిగించే డబ్బాలోనే దాచండి.

8. చెట్లు

హుద్‌హుద్ కూల్చిన చెట్లు చూస్తే ఒక విషయం తెలుస్తుంది: తురాయిలాంటి పెళుసు కొమ్మల చెట్లు ముందు పడతాయి. ఇంకో కారణం నర్సరీలోనే ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో ఏళ్ల తరబడి ఉన్న మొక్క వేర్లు లోపల చుట్టలు చుట్టుకుంటాయి. నాటాక కూడా అలాగే తిరుగుతాయి. చెట్టు ఏపుగా పెరుగుతుంది, పట్టు ఉండదు, గాలికి కూకటివేళ్లతో పడిపోతుంది. కొనేటప్పుడు ఒక సంచి చింపి చూడండి. అడుగున వేర్లు చుట్టలా ఉంటే ఆ లాటు తీసుకోవద్దు.

వేప, కానుగ, పొగడ, నేరేడు మన గాలికి అలవాటుపడ్డవి. గుంత 60 సెంటీమీటర్లు పొడవు, వెడల్పు, లోతు. ఊత కర్రకు వదులుగా కట్టి ఏడాదికి తీసేయండి. గట్టిగా కట్టేస్తే కాండానికి గాలిని తట్టుకునే బలం రాదు. వేసవిలో వారానికి రెండుసార్లు మొక్కకు 15 లీటర్ల నీళ్లు, రెండు వేసవులు. నీళ్లు పోసే మనిషి దొరికినన్ని మొక్కలే నాటండి, వెయ్యి నాటి ఫొటో దిగడం కన్నా వంద బతికించడం మేలు. ఒడ్డున సరుగుడు, తాటి వేస్తారు. అల తాకే చోటు దాకా మాత్రం వేయకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఖాళీ ఇసుకలోనే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద కూడా మొక్కలు నాటే ఉత్సాహం చూపకండి, అవి భూగర్భ వారసత్వ సంపద.

మీ నిధి మన్యం వైపు వెళ్తుంటే అక్కడి లెక్క వేరు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పడిపోతే ఎండ తగిలిన కాఫీ మొక్కలకు తెల్ల కాండం తొలిచే పురుగు ఎక్కువవుతుంది. కొత్త మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగు ఏళ్లు, నీడ చెట్టుకు ఇంకా ఎక్కువ. అక్కడ రెండేళ్ల ప్రణాళిక చాలదు, ఐదేళ్లకు ఒప్పుకుంటేనే వెళ్లండి.

9. నిద్ర పట్టనివాళ్లు

మొదటి నెలలో అందరూ భయపడతారు, అది జబ్బు కాదు. మూడు నెలలు దాటినా గాలి చప్పుడుకు ఉలిక్కిపడటం, వేటకు వెళ్లనని మొండికేయడం, తాగుడు పెరగడం, చిన్నపిల్లలు మళ్లీ పక్క తడపడం కనిపిస్తే పట్టించుకోవాలి. 14416 టెలీ మానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చుకాదు. చినవాల్తేరు మానసిక వైద్యశాలకు వెళ్లమంటే "పిచ్చాసుపత్రికా" అని ఇంట్లో గొడవవుతుంది. ఆశా కార్యకర్తతో కలిసి, "నిద్రకు మందు రాయించుకుందాం" అని తోడు వెళ్లండి. అప్పు ఎక్కువగా ఉన్న, మగమనిషి మాట తగ్గించేసిన ఇల్లు రిజిస్టరులో ఉంటే అక్కడికి వారానికోసారి ఎవరో ఒకరు టీ తాగడానికైనా వెళ్లాలి.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో హాజరు పట్టీ టీచరు దగ్గర చూసి, రాని పిల్లల ఇళ్లకు అదే వారం వెళ్లండి. ఆగస్టులో వెళ్తే అప్పటికి పిల్లాడు పనిలో కుదిరిపోయి ఉంటాడు.

10. మళ్లీ అక్టోబర్

సెప్టెంబర్ మొదటి ఆదివారం పేటంతా తిరిగి చూడాల్సినవి: రేకుల బోల్టులు బిగించి ఉన్నాయా, తుఫాను షెల్టర్ తాళం ఎవరి దగ్గర, జనరేటర్ స్టార్టవుతోందా, మంచం మీదున్న ముసలివాళ్లను ఎవరు మోస్తారు. ప్రతి ఇంటి పత్రాలూ జిప్ కవరులో ఉండాలి, వాటి నకళ్లు డిజిలాకర్‌లో ఉండాలి. బోట్లను ఎక్కడికి లాగాలో, ఏ చెట్టుకు కట్టకూడదో ముందే గుర్తులు పెట్టండి. 1077 జిల్లా కంట్రోల్ రూం, 112 అత్యవసర నంబరు గోడ మీద రాయండి. లక్షన్నరలో ఒక రంపం, తాళ్లు, టార్పాలిన్లు, రెండు డ్రమ్ములు కొని షెల్టర్‌లో పెట్టించి, మిగిలింది ఖాతాలోనే ఉంచండి.

తుఫాను తర్వాత వచ్చే రెండో అక్టోబర్ దాటాక మీరు తప్పుకోవచ్చు. ఖాతాలో సంతకాలు పేటవాళ్ల పేర్లకు మార్పించి, చేబదులు నిధి డ్వాక్రా సంఘానికి, పనిముట్లు మత్స్యకార సహకార సంఘానికి రాసివ్వండి. రిజిస్టరులో అప్పుల పేజీలు చించి, ఎవరివి వాళ్లకే ఇచ్చేయండి. మిగిలిన రిజిస్టరు సచివాలయంలో కాదు, పేటలోనే కమిటీలోని ఒక ఆడమనిషి ఇంట్లో ఉండాలి. తర్వాతి సర్వే వచ్చిన రోజు అది పది నిమిషాల్లో చేతికి దొరకాలి.